తెరిచినట్లు చూపబడిన కిటికీలు

వంకరేవులో గాలికి ఏనాడూ లోటు లేదు. ఆ గాలికి ఒక ఫైలు లేదన్నదే లోటు. ఫైలు లేనిదాన్ని సర్కారువారు ఉన్నట్టుగా లెక్కపెట్టరు కనుక, అక్కడి పాత రికార్డుల కచేరీలోకి నూట ఇరవై ఏళ్లుగా దర్జాగా వచ్చిపోతున్న సముద్రపు గాలి ప్రభుత్వం దృష్టిలో లేనట్టే. చివరికి ఆ గాలికీ ఒక ఫైలు తెరిచారు. ఫైలు తెరుచుకున్న ఏడాదికల్లా గాలి ఆగిపోయింది. అదెలా జరిగిందో చెబుతాను, తీరిగ్గా కూర్చుని వినండి.

కచేరీ దొరల కాలంనాటి మేడ. సముద్రం వైపు ముఖం, కొండల వైపు వీపు. రెండంతస్తులు, ఎనభై నాలుగు కిటికీలు. ఒక్కో కిటికీ నిలువెత్తు మనిషి మీద ఇంకో మనిషి నిలబడినంత ఎత్తు. మంచి టేకు తలుపులు, వాటికి అడ్డపలకలు. పై రెక్కలు చేతికి అందవు కాబట్టి వాటిని తియ్యడానికీ వెయ్యడానికీ ఒక పొడుగాటి వెదురు కర్ర ఉండేది. దాని కొసన ఇనప కొక్కెం.

ఆ కర్ర గనగళ్ల దాలమ్మ చేతిలో ఉండేది. అంతకుముందు ఆమె మొగుడు ఎర్రయ్య చేతిలో, ఇంకా ముందు ఎర్రయ్య మేనమామ చేతిలో. ఎర్రయ్య కామెర్లొచ్చి పోయాక కారుణ్య నియామకం కింద ఆ పని దాలమ్మకిచ్చారు. నియామకపు కాగితంలో ఏ గుమాస్తాకు ఏ ఆవలింత వేళ తోచిందో గాని ఒక వాక్యం పడింది: "సదరు భవనమునందు కిటికీలు తెరువబడుచు మూయబడుచు ఉన్నంతవరకు మాత్రమే ఈ ఉద్యోగము కొనసాగును." ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు, తను. నాలుగు కంచాల్లోకీ అన్నం ఆ ఒక్క వాక్యంలోంచే వచ్చేది. అందుకని దాలమ్మకు ఆ వాక్యం కంఠతా వచ్చు.

పని చూస్తే తేలిక, చేస్తే తెలుస్తుంది. పొద్దున తూర్పు ఎండ పడకుండా సముద్రం వైపు పలకలు వాల్చాలి. పదకొండున్నరకు గాలి తిరుగుతుంది. అప్పుడు అటువి బార్లా తీసి, కొండవైపువి సగం మూయాలి. అన్నీ మూస్తే గాలి నిలబడిపోతుంది, అన్నీ తీస్తే కాగితాలు ఎగిరిపోతాయి. ఎర్రయ్య బతికున్న రోజుల్లో ప్రతి కిటికీ దగ్గరా భుజమ్మీది తువ్వాలు కొస పట్టుకుని గాలి ఎటు లాగుతోందో చూసేవాడు. దాలమ్మ చీర కొంగు పట్టుకు చూస్తుంది. కొంగు కదిలిన తీరును బట్టి ఎదురుగోడలో ఏ కిటికీ ఎంత తియ్యాలో ఆమె చెయ్యి తేల్చుకునేది. ఈ విద్యకు పుస్తకం లేదు, పరీక్ష లేదు. కచేరీ సూపరింటెండెంటు ఉపద్రష్ట సాంబమూర్తి గారు మాత్రం ఇరవై రెండేళ్లుగా చొక్కా చంకలు తడవకుండా ఉద్యోగం చేసుకుపోతున్నారు. అదెందువల్లో ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

మేడ మొత్తానికి పదకొండు ఫ్యాన్లు. నెలకు తొంభై యూనిట్ల కరెంటు. కొంప ముంచింది ఆ తొంభయ్యే.

ఒకరోజు "ప్రాచీన భవనముల శక్తి పొదుపు మిషన్" నోడల్ అధికారి చిలుకోటి ప్రభంజనరావు గారు జీపు దిగారు. పాతకాలపు భవనాలన్నిటికీ కిటికీలు మార్చి, రెండేసి అద్దాలు బిగించి, కరెంటు ఆదా చేయించడం ఆయన మీద పెట్టిన బాధ్యత. ఆయన మేడ చూడలేదు, కిటికీలు చూడలేదు. తిన్నగా మీటరు దగ్గరికెళ్లి చూసి, గుండె పట్టుకుని అరుగు మీద కూలబడ్డారు. సాంబమూర్తి గారు మంచినీళ్లు తెప్పించి, ఏమైందని అడిగారు. మిషన్ నియమం ప్రకారం నలభై శాతం పొదుపు చూపించాలట. తొంభైలో నలభై శాతమంటే ముప్పై ఆరు యూనిట్లు. ముప్పై ఆరు యూనిట్లు పట్టుకుని రాజధానిలో ఏ ముఖంతో నిలబడాలని ఆయన బాధ.

ఇంత తక్కువ వాడుతున్నాం కాబట్టి మమ్మల్ని వదిలేయండని సాంబమూర్తి గారు వినయంగా మనవి చేశారు. ప్రభంజనరావు గారు ఆయన్ని జాలిగా చూశారు.

"పొదుపు అనేది వినియోగానికి పుట్టిన బిడ్డండీ," అన్నారు. "తల్లి లేకుండా బిడ్డ ఎక్కణ్ణుంచి పుడుతుంది? మీ భవనం వినియోగ రంగంలో చాలా వెనకబడి ఉంది. ముందు దీన్ని వినియోగ స్థాయికి అభివృద్ధి పరచాలి. తదుపరి పొదుపు చేయాలి."

అభివృద్ధి అన్నాక ఆగుతుందా? పదిహేను రోజుల్లో నలభై రెండు ఏసీలు లారీల మీద దిగాయి. వాటిని మూడు నెలలు నడిపి, ఎంత ఖర్చవుతుందో ముందు కొలవాలి. దానికి బేస్‌లైన్ అని పేరు. కొలిచేటప్పుడు భవనం "ప్రస్తుతమున్న స్థితిలోనే" ఉండాలని నియమం. ప్రస్తుతం కిటికీలు తెరిచి ఉంటున్నాయి కనుక ఎనభై నాలుగూ పొద్దస్తమానం బార్లా తెరిచే ఉంచాలని, సగం వాల్చినా చర్య తీసుకుంటామని దాలమ్మకు మెమో ఇచ్చారు. ఏసీలు ఆడుతుంటే కిటికీలు తెరిచిపెట్టడమేమిటని ఆమె సాంబమూర్తి గారిని అడిగింది. తనకూ తెలియదని, తెలిసినా అనకూడదని ఆయన చెప్పారు.

ఇక చూడండి వంకరేవు వైభోగం. మే నెలలో నలభై రెండు ఏసీల చల్లదనం ఎనభై నాలుగు కిటికీల్లోంచి బజార్న పడింది. మొదట కుక్కలు కనిపెట్టాయి, తరవాత ఆవులు, ఆ తరవాత మనుషులు. పునుగుల బండివాడు పదిహేడో నంబరు కిటికీ కిందికి మకాం మార్చాడు. చీట్ల పేకవాళ్లు తూర్పు గోడ మొత్తం ఆక్రమించారు. ఒక పెళ్లిచూపులు కూడా ఆ గోడ కిందే జరిగి, పిల్ల ముఖాన చెమట పట్టలేదని మగపెళ్లివారు మెచ్చుకుని వెళ్లారు. లోపల మాత్రం ఉక్క. చల్లదనమంతా బయటికి పోయి, మధ్యాహ్నపు వేడంతా కొండవైపు కిటికీల్లోంచి లోపలికొచ్చి కూర్చుంది. వారం ఓర్చుకుని సాంబమూర్తి గారు తన బల్ల, కుర్చీ, స్టాంపు ప్యాడు పట్టుకొచ్చి పునుగుల బండి పక్కన వేసుకున్నారు. సిబ్బంది ఆయన వెనకే వచ్చేశారు. ఆ మూడు నెలలూ పాత రికార్డుల కచేరీ వీధిలోనే నడిచింది. ప్రజలకు పనులు త్వరగా అవుతున్నాయని ఊళ్లో మంచిపేరు కూడా వచ్చింది.

నెలకు పన్నెండు వేల యూనిట్లు తేలాయి. ఆ చీటీ చూసి ప్రభంజనరావు గారికి కళ్లు చెమర్చాయి.

"ఇప్పుడీ భవనం పొదుపుకు అర్హత సాధించింది," అన్నారు.

ఇహ అద్దాలు. కిటికీ ఒక్కింటికి రెండు పొరల అద్దం, చుట్టూ రబ్బరు, చీమ దూరని బిగింపు. ఒకసారి బిగిస్తే మళ్లీ తియ్యడమన్న మాటే ఉండదని కొలతలు తీసుకోవడానికొచ్చిన మనిషి గొప్పగా చెప్పాడు. అది విన్న దాలమ్మ కర్ర గోడకు ఆనించింది. సాంబమూర్తి గారి దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన ఆమె నియామకపు కాగితం తెప్పించి, కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, మెల్లిగా బల్లమీద పెట్టారు. తెరువబడుచు, మూయబడుచు ఉన్నంతవరకు మాత్రమే. అద్దాలు బిగిసిన రోజే ఆమెకు ఆఖరి రోజు.

"పంతులుగోరూ, నాలుగేళ్లలో ఒక్కనాడైనా గాలి రాలేదని తమరు నన్ను మాటన్నారా?" అంది దాలమ్మ.

లేదన్నట్టు ఆయన తలూపారు. తలూపడం తప్ప ఆయన చేతిలో ఏమీ లేదు. ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. అత్త అడిగితే కడుపులో బాగోలేదంది.

అయితే మన దేశంలో ఒక శాఖ మింగబోయిన మనిషిని ఇంకో శాఖ అడ్డుపడి కాపాడటం కద్దు. మనిషి మీద ప్రేమతో కాదు, మొదటి శాఖ మీద కోపంతో. మొదటి అద్దం బిగిస్తుండగా వారసత్వ పరిరక్షణ మండలి సభ్యురాలు డాక్టర్ వింజమూరి కుముదిని గారు కారు దిగారు. ఆమె చేతిలో ఒక పాత ఫొటో ఉంది. దొరల కాలంలో తీసింది. అందులో మేడకున్న కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, ఒక కిటికీ దగ్గర తలపాగా చుట్టుకున్న మనిషి కొక్కెం కర్ర ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఈ దృశ్యంలో వెంట్రుకవాసి మార్పు వచ్చినా తాము సహించబోమని ఆమె ప్రకటించారు.

ఇద్దరధికారులూ పొద్దుట్నించి సాయంత్రం దాకా వాదించుకున్నారు. కిటికీ మూసి ఉండాలని ఈయన, తెరిచి ఉండాలని ఆమె. ఈయన దగ్గర ఒక నిబంధనల పుస్తకం, ఆమె దగ్గర ఇంకా లావుపాటిది. చీకటి పడే వేళకు ఉభయ శాఖల సంయుక్త ఉత్తర్వు పుట్టింది. లోపల అద్దాలు బిగించి ఉంటాయి, అది పొదుపు. బయట పాత టేకు తలుపులు ఫొటోలో ఉన్నట్టే బార్లా తీసి మేకులు కొట్టేస్తారు, అది వారసత్వం. మరి ఫొటోలో కర్ర ఎత్తిన మనిషి సంగతి? అక్కడ కుముదిని గారు గట్టిగా పట్టుబట్టారు.

"కిటికీ తెరుచుకోవడాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు. తెరవడం అనే చర్యను మాత్రం రద్దు చేయడానికి వీల్లేదు. అది సజీవ సంప్రదాయం," అన్నారు.

అందుచేత దాలమ్మ ఉద్యోగం నిలిచింది. రోజూ నియమిత వేళల్లో ఆమె కర్ర పట్టుకుని ప్రతి కిటికీ ముందూ నిలబడి, కొక్కెం అద్దానికి తగలకుండా జానెడు ఎడంలో ఆపి, తెరిచినట్టు చూపించాలి. సాయంత్రం మూసినట్టు చూపించాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ నిజంగా తెరవకూడదు, తెరిస్తే ఉద్యోగంలోంచి తీసేస్తాం అని ప్రభంజనరావు గారు వేరే కాగితం రాసిచ్చి సంతకం పెట్టారు. కిటికీల రిజిస్టరులో కొత్త గడి అచ్చువేయించారు: "తెరిచినట్లు చూపబడినవి." నూరు పుటల రిజిస్టర్లు, ఇరవై పుస్తకాలు వచ్చాయి.

కుముదిని గారు స్వయంగా మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. మోచెయ్యి ఎంత ఎత్తాలి, మడమ ఎంత లేపాలి, అన్నీ ఫొటో పక్కన పెట్టుకుని సరిచూశారు. ఫొటోలో మనిషి ఎండ కళ్లల్లో పడి ముఖం చిట్లించుకుని ఉన్నాడు కనుక దాలమ్మ కూడా చిట్లించాలన్నారు. తలపాగా సంగతి కూడా వచ్చింది. తలపాగా చుట్టమంటే చుడతాను గాని మీసం మాత్రం నా వల్ల కాదు అమ్మగోరూ అని దాలమ్మ మనవి చేసుకుంది. కుముదిని గారు ఆలోచించి, మీసం విషయం పైకి రాశారు. ఇంకా జవాబు రాలేదు.

కంచాల్లోకి అన్నం వస్తోంది, అది నిజమే. కానీ మొదటిరోజు ముప్పై ఒకటో కిటికీ ముందు, అలవాటు చొప్పున, దాలమ్మ కొంగు కొస పట్టుకుని చూసింది. కొంగు కదల్లేదు. అద్దం అవతల సరుగుడు చెట్లు ఊగుతున్నాయి, ఇవతల గుడ్డ బిగుసుకుపోయినట్టు వేలాడుతోంది. ఆమెకు ఏడుపొచ్చింది. ఈ సంప్రదాయం చూపించడానికి తెచ్చిన బళ్లోపిల్లలు వరస కట్టి నిలబడ్డారు కాబట్టి, ముఖం చిట్లించడంలో దాన్ని కలిపేసింది. ఆ రోజు అభినయం చాలా సహజంగా ఉందని కుముదిని గారు మెచ్చుకున్నారు.

కరెంటు ఖర్చు నెలకు పన్నెండు వేల నుంచి ఆరు వేలకు దిగింది. యాభై శాతం పొదుపు. మిషన్ చరిత్రలోనే ఇది రికార్డు. ఈ మేడ ఒకప్పుడు తొంభైతో నడిచిందండీ అని సాంబమూర్తి గారు ఒక నివేదిక చివర నోరుజారి రాశారు. వారంలో ఆయనకు సంజాయిషీ మెమో వచ్చింది. బేస్‌లైన్‌కు పూర్వపు కాలం చరిత్ర కిందికి వస్తుందని, చరిత్ర వారసత్వ మండలి పరిధిలోనిదని, సూపరింటెండెంటు తన పరిధి దాటరాదని అందులో ఉంది. ఆయన మళ్లీ ఆ అంకె ఎత్తలేదు.

రికార్డు స్థాపించాక సభ పెట్టాలి కదా. మరుసటి మే నెలలోనే పెట్టారు. రాజధాని నుంచి మిషన్ డైరెక్టరు గారు స్వయంగా వచ్చి అవార్డు ఇస్తారన్నారు. పైఅంతస్తు పెద్ద హాల్లో వేదిక, అరవై కుర్చీలు, ఫ్లెక్సీలు, వీడియో లైట్లు. హాలుకు కొత్తగా గాలి లీకు కాని తలుపు పెట్టారు. అది కరెంటుతో తెరుచుకుని కరెంటుతో మూసుకుంటుంది. డీజిల్ జనరేటరు ఉంటే పొదుపు ప్రాంగణానికి మచ్చ అని దాన్ని ముందురోజే తరలించేశారు. అవార్డు కంచుతో పోతపోసిన జ్ఞాపిక, మూసిన కిటికీ ఆకారంలో. ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేదు.

సాయంత్రం మూడున్నరకు సభ మొదలైంది. సరిగ్గా నాలుగింటికి దాలమ్మ అభినయం కార్యక్రమంలో ఒక అంశం. ఆమె ఒక మూల కర్ర పట్టుకుని నిలబడింది. ప్రభంజనరావు గారు మైకు ముందు నిలబడి, ఈ భవనం నుంచి ఒక్క చుక్క గాలి బయటికి పోదని, ఒక్క చుక్క లోపలికి రాదని, ఇది దేశానికే ఆదర్శమని చెబుతున్నారు. పెద్దాఫీసరు గారి కోసమని ఏసీలన్నీ పద్దెనిమిది డిగ్రీల మీద పెట్టారు. లైట్లన్నీ వేశారు. సరిగ్గా "ఆదర్శం" దగ్గర వీధిలో ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది.

ఏసీలు ఆగాయి. మైకు ఆగింది. తలుపు ఎక్కడిదక్కడ బిగుసుకుంది. మొదట అందరూ నవ్వుకున్నారు. కరెంటోళ్లకు ఫోన్లు చేశారు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందని, రేపటికి గాని కాదని జవాబు. తలుపు కంపెనీకి ఫోను చేస్తే, చేత్తో తెరిచే తాళం ఒకటి ఉందని, అది తమ నగరం ఆఫీసులో భద్రంగా ఉందని, నాలుగ్గంటల్లో పంపిస్తామని చెప్పారు. అప్పుడు నవ్వులు ఆగాయి. కొండవైపు అద్దాల్లోంచి నాలుగింటి ఎండ అరవై మంది వీపుల మీద కూర్చుంది. పది నిమిషాలకు మెడల్లో టైలు ఊడాయి. ఇరవై నిమిషాలకు కోట్లు ఊడాయి. సన్మానం శాలువా కప్పించుకున్న డైరెక్టరు గారు దాన్ని తీసి కింద పారేసి, ఆహ్వానపత్రికతో విసురుకోవడం మొదలుపెట్టారు. ఆ గదిలో గాలి ఎంతుందో అంతే ఉంది, దాన్నే అరవైమంది పంచుకుంటున్నారు.

"దాలమ్మా, కిటికీలు తియ్యి," అన్నారు ప్రభంజనరావు గారు.

దాలమ్మ కర్ర ఎత్తింది. మోచెయ్యి చెప్పినంత ఎత్తు, మడమ చెప్పినంత లేపు, ముఖం చిట్లింపు. మొదటి కిటికీ తెరిచినట్టు చూపింది. రెండోది చూపింది. అరవై మందీ నోళ్లు తెరుచుకుని చూస్తుండగా హాల్లో ఉన్న పద్దెనిమిది కిటికీలూ వరసగా పూర్తిచేసి, రిజిస్టరులో సంతకం పెట్టి, మూలకొచ్చి నిలబడింది.

"తీసేసినాను బావూ," అంది.

అలా కాదు, నిజంగా తియ్యి అని ఆయన గొంతు చించుకున్నారు. దాలమ్మ కొంగు ముడి విప్పి నాలుగు మడతల కాగితం తీసింది.

"నిజంగా తీత్తే ఉజ్జోగంలోంచి తీసేత్తామని తమరే రాసిచ్చినారు బావూ. కిందన సంతకం తమరిదే."

అయినా అవి తెరుచుకునే కిటికీలు కావని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఇక డైరెక్టరు గారు ఆగలేదు. జ్ఞాపిక అద్దం పగలగొట్టడానికి పనికొస్తుందని మొదట గ్రహించింది ఆయనే. ఇద్దరు గుమాస్తాల సాయంతో దాన్ని లేవదీయించి దగ్గర్లో ఉన్న కొండవైపు కిటికీ మీదికి నడిచారు.

"అటుది కొట్టకండి బావూ," అంది దాలమ్మ. "ఆ ఎండ సరాసరి తమరి నెత్తిమీదికొత్తాది. గాలి రాదు."

మరెటు అని డైరెక్టరు గారు అడిగారు. ఆయన జీవితంలో ఒక అటెండరును సలహా అడగడం అదే మొదలు. దాలమ్మ చెప్పలేదు. పెద్దవాళ్లు ఉక్కిపోతున్నారు, సాంబమూర్తి గారు గోడకు జారగిలబడ్డారు, తను మాత్రం నోరు మూసుకుని నిలబడింది. అత్త, ఇద్దరు పిల్లలు, నాలుగు కంచాలు కళ్ల ముందు కనబడుతున్నాయి. ఈ గండం గట్టెక్కితే రేపు మళ్లీ కొత్త అద్దం బిగిస్తారు, మళ్లీ ముఖం చిట్లించమంటారు.

"ముందు నాకు రాసియ్యండి," అంది.

డైరెక్టరు గారు ప్రభంజనరావు గారి వంక చూశారు. ఆయన కలం తీశారు. కాగితం లేదు, అవార్డు ప్రశంసాపత్రం వెనకవైపే రాయాల్సొచ్చింది. ఒంటిమీది చొక్కా పిండుకునేలా ఉన్నా ఆయన శైలి చెక్కుచెదరలేదు. "అత్యవసర పరిస్థితుల దృష్ట్యా, తాత్కాలిక ప్రాతిపదికన" అని మొదలుపెట్టారు. తాత్కాలికం వద్దంది దాలమ్మ. కొట్టేశారు. ఉత్తర్వుకు నంబరు ఉండాలని సాంబమూర్తి గారు గోడ దగ్గర్నుంచి నీరసంగా గుర్తుచేశారు. నంబర్లిచ్చే రిజిస్టరు తలుపు అవతల ఉంది. నంబరు తరవాత వేసుకోవచ్చని డైరెక్టరు గారు అరిచారు. వారసత్వ మండలి అభ్యంతరం ఏమైనా ఉందా అని ప్రభంజనరావు గారు అలవాటుకొద్దీ అడిగారు. అద్దం నిరుడు బిగించింది కాబట్టి అది వారసత్వం కిందికి రాదని, దాన్ని ఏం చేసుకున్నా తమకు అభ్యంతరం లేదని వేదిక మీదే ఉన్న కుముదిని గారు రొప్పుతూ సంతకం పెట్టిచ్చారు. చివరికి ఉత్తర్వు ఇలా తేలింది: "సదరు భవనమునందలి ఎనభై నాలుగు కిటికీలను ఇకమీదట గనగళ్ల దాలమ్మ వాస్తవిక పద్ధతిన తెరిచి, వాస్తవిక పద్ధతిన మూయవలెను."

దాలమ్మ కూడబలుక్కుని మొత్తం చదివింది. వాస్తవికమంటే నిజంగానేనా అని సాంబమూర్తి గారిని అడిగి రూఢి చేసుకుంది. అప్పుడు ఉత్తర్వు బల్లమీద పెట్టి, కర్ర చాచి ముప్పై ఒకటో నంబరు చూపించింది.

జ్ఞాపిక తాకిడికి అద్దం భళ్లున పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. గాలి రాలేదు. రెండో పొర ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ కొట్టారు, అదీ పగిలింది. ఈసారి చప్పట్లు కొట్టే ఓపిక ఎవరికీ లేదు. అయినా గాలి రాలేదు. కిటికీకి ఎదురుగా సముద్రం కనిపిస్తోంది, సరుగుడు చెట్లు ఊగుతున్నాయి, హాల్లో మాత్రం ఆకు కదలడంలేదు. డైరెక్టరు గారు నమ్మి చెడ్డవాడి ముఖం పెట్టి దాలమ్మను చూశారు.

"గాలి కూడా మనిసిలాంటిదే బావూ. పోడానికి దారి కనిపిత్తేనే లోనికొత్తాది," అంది దాలమ్మ. అది ఎర్రయ్య మాట. ఎదురుగోడలో డెబ్భై రెండో కిటికీ చూపించి, ఇప్పుడు కొండవైపుది కొట్టొచ్చంది.

కొట్టారు. రెండు పొరలూ ఒక్క దెబ్బకే పోయాయి.

ఏడాదిగా బయట కాచుకుని కూర్చున్న గాలి ఒక్కసారిగా వచ్చిపడింది. ఫ్లెక్సీలు ఫటఫటా కొట్టుకున్నాయి. ప్రభంజనరావు గారి ప్రసంగం పుటలు పుటలుగా లేచిపోయింది. కుముదిని గారి చేతిలోని పాత ఫొటో ఎగిరి పోయి వీడియో లైటుకు అతుక్కుంది. డైరెక్టరు గారు రెండు చేతులూ చాచి కిటికీ ముందు నిలబడి, "ఆహా, ఆహా," అంటున్నారు. దాలమ్మ కొంగు నిలువునా లేచి రెపరెపలాడింది. ఆ సంతోషంలో ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి బల్లమీద ఉత్తర్వు లేదు. అది హాలు మధ్యలో గాలిలో తేలుతూ, రెండు పల్టీలు కొట్టి, తిన్నగా డెబ్భై రెండో కిటికీ వైపు పోతోంది. నంబరు లేని ఉత్తర్వు, నకలు లేని ఉత్తర్వు. అది బయటపడితే కొండల దాకా మరి దొరకదు. పట్టుకోండని ఎవరో అన్నారు గాని పట్టుకునే ఎత్తులో లేదది. దాలమ్మ కుర్చీల మధ్య పరుగెత్తి, మడమలు లేపి, కర్ర సాచి, కిటికీ పైరెక్క దగ్గర దాన్ని కొక్కెంతో తగిలించి కిందికి లాగింది. కాగితం మధ్యలో చిన్న చిల్లు పడింది, అంతే. మోచెయ్యి ఎంత ఎత్తిందో, ముఖం చిట్లించిందో లేదో ఎవరూ చూడలేదు.

రాత్రి ఎనిమిదింటికి తలుపు తాళం వచ్చింది. అప్పటికి హాల్లో సగంమంది కుర్చీల్లో హాయిగా నిద్రపోతున్నారు.

మరి మిషన్ పరువు పోయిందనుకుంటున్నారా? మీరు సర్కారును తక్కువ అంచనా వేస్తున్నారు. మేడలో కాలిన తీగలు మార్చేసరికి ఆలస్యమై మరుసటి నెల కచేరీ ఖర్చు అరవై యూనిట్లు దాటలేదు. పన్నెండు వేల బేస్‌లైన్ మీద అది తొంభై తొమ్మిదిన్నర శాతం పొదుపు. ప్రభంజనరావు గారికి పదోన్నతి వచ్చింది. దాలమ్మ చేసే పనికి "సహజ వాయు ప్రవేశ నిష్క్రమణ సాంకేతికత" అని పేరుపెట్టి, రాష్ట్రంలో పాత భవనాలన్నిటా అమలు చేయాలని ఉత్తర్వులిచ్చారు. మిగతా ఎనభై రెండు కిటికీల అద్దాలు ఊడదీశారు. టేకు తలుపులకు కొట్టిన మేకులు పీకించారు. ఆ మేకుల చిల్లులను ఏ కాలపువిగా పరిగణించాలో తేల్చడానికి కుముదిని గారి అధ్యక్షతన ఒక ఉపసంఘం వేశారు.

దసరా వెళ్లిన సోమవారం దాలమ్మ దగ్గర శిక్షణకు ఇరవై ఆరుగురు ఇంజనీర్లు దిగారు. వరండాలో రెండు వరసల్లో నిలబడ్డారు. అందరూ మగవాళ్లే, అందరి చేతుల్లోనూ కొత్త కొక్కెం కర్రలు. అందరి భుజాల మీద చొక్కాకు పిన్నీసు పెట్టి గుచ్చిన చీర కొంగు ముక్క ఒకటి వేలాడుతోంది. ఇదేం అవతారం బాబూ అని దాలమ్మ అడిగింది. ముందు వరసలో మనిషి సర్క్యులరు తీసి చదివాడు: శిక్షణార్థులు ఒక్కొక్కరు మీటరుకు తగ్గని పొడవుగల కొంగు ఒకటి వెంట తెచ్చుకొనవలెను, రంగు విషయమై తదుపరి ఉత్తర్వులు వెలువడును.

దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు అటు తిరిగి నిలబడింది. సాంబమూర్తి గారు లోపల్నుంచి చూసి, ఆమె భుజాలు కదలడం గమనించి, పాపం ఎర్రయ్య గుర్తొచ్చాడేమో అనుకున్నారు. గుర్తొచ్చిన మాట నిజమే. అతనుంటే ఇద్దరూ కలిసి నవ్వుకునేవాళ్లు.

తరవాత ఆమె ఇటు తిరిగి, వాళ్లను ముప్పై ఒకటో కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ముందు గాలి ఎటుందో చూడండి, కర్ర తరవాత ఎత్తుదురుగాని అంది. ఇరవై ఆరు కొంగులూ ఒక్కసారి కొండవైపుకు లేచాయి. పదకొండున్నర అయింది.

రిజిస్టరు మాత్రం పాతదే. అచ్చువేసిన ఇరవై పుస్తకాలూ పూర్తయితే గాని కొత్తవి రావు. అందుకని దాలమ్మ రోజూ చేసినట్టే ఆ రోజు కూడా "తెరిచినట్లు చూపబడినవి" అన్న గడిని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన "తెరిచినాను" అని రాసి సంతకం పెట్టింది.